సముద్ర జలంలో కార్బన్ ఐసోటోపుల కొలత: నీటి సీసా నుంచి డెల్టా విలువ దాకా

మనుషులు ఏటా గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రంలోకి చేరుతోంది. ఎంత చేరిందన్నది నీటిలో కరిగిన కార్బన్ మొత్తాన్ని కొలిస్తే చాలావరకు తెలుస్తుంది. కానీ ఆ కార్బన్ బొగ్గు, పెట్రోలు కాల్చగా వచ్చినదా, నది మోసుకొచ్చినదా, పైనుంచి రాలిన జీవపదార్థం లోతుల్లో కుళ్ళగా పుట్టినదా అన్న ప్రశ్నకు మొత్తం లెక్క ఒక్కటే జవాబు చెప్పలేదు. ఆ జవాబును ఐసోటోపుల, అంటే ఒకే మూలకంలో బరువు వేరువేరుగా ఉన్న పరమాణువుల, నిష్పత్తిలో వెతకాలి. ప్రకృతిలోని కార్బన్‌లో 98.9 శాతం కార్బన్-12, మిగిలిన 1.1 శాతం కార్బన్-13. రేడియోధార్మికమైన కార్బన్-14 లక్ష కోట్ల పరమాణువులకు సుమారు ఒకటి మాత్రమే ఉంటుంది.

విశాఖపట్నం తీరం నుంచి బంగాళాఖాతంలోకి ఒక వరుసలో స్టేషన్లు పెట్టుకుని, ఉపరితలం నుంచి 2000 మీటర్ల లోతు దాకా నీళ్ళు పట్టి, వాటిలో కరిగి ఉన్న అకర్బన కార్బన్‌లో కార్బన్-13 పాలు ఎంతో కొలవదలచిన పరిశోధక విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. కరిగి ఉన్న అకర్బన కార్బన్‌ను ఈ రంగంలో అందరూ డిఐసి అనే అంటారు. బైకార్బొనేట్, కార్బొనేట్, కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఈ మూడూ కలిపి డిఐసి. అందులో దాదాపు 90 శాతం బైకార్బొనేటే. కొలిచే యంత్రాల గురించి వాటి తయారీదారుల పుస్తకాలే కావలసినంత చెబుతాయి. నా అభిప్రాయంలో ఫలితం మంచి చెడ్డలు యంత్రం దాకా రాకముందే, నీళ్ళు సీసాలోకి పట్టే చోటా ఆ సీసా అలమరలో నిలవ ఉన్న నెలల్లోనూ తేలిపోతాయి. అందుకే ఆ భాగానికి ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

ఎంత సూక్ష్మంగా కొలవాలి

నమూనాలోని కార్బన్-13, కార్బన్-12 నిష్పత్తిని ప్రమాణ పదార్థపు నిష్పత్తితో భాగించి, అందులోంచి ఒకటి తీసేసి, వెయ్యితో గుణిస్తే డెల్టా విలువ వస్తుంది. దీన్ని పర్ మిల్‌లలో, అంటే వెయ్యింట పాళ్ళలో చెబుతారు. మొదట్లో ప్రమాణంగా తీసుకున్నది అమెరికాలోని సౌత్ కెరొలైనాలో పీడీ అనే శిలాస్తరంలో దొరికిన ఒక సముద్ర జీవి శిలాజం. ఆ పదార్థం ఎన్నడో అయిపోయింది. ఇప్పుడు దాని స్థానంలో వి-పిడిబి అనే స్కేలు ఉంది.

ఈ స్కేలు మీద బహిరంగ సముద్రపు ఉపరితల డిఐసి సాధారణంగా ప్లస్ 1 నుంచి ప్లస్ 2 పర్ మిల్ మధ్య ఉంటుంది. సూక్ష్మ వృక్షప్లవకాలు కార్బన్-12నే ఎక్కువగా తీసుకుంటాయి కాబట్టి వాటి దేహపదార్థం మైనస్ 20 నుంచి మైనస్ 25 దాకా ఉంటుంది. ఆ పదార్థం లోతుల్లో కుళ్ళినప్పుడు తేలికైన కార్బన్ నీటిలోకి తిరిగి వస్తుంది కనుక, ఉపరితలంలో ప్లస్ 1 దాటి ఉన్న విలువ లోతుకు పోయేకొద్దీ తగ్గి, పసిఫిక్ వంటి పాత లోతు నీళ్ళలో సున్నా దగ్గరికి, దాని కిందికి కూడా దిగుతుంది. పారిశ్రామిక యుగానికి ముందు మైనస్ 6.4 దగ్గర ఉన్న గాలిలోని కార్బన్ డయాక్సైడ్, శిలాజ ఇంధనాల పొగ కలిసిన కారణంగా ఇప్పుడు మైనస్ 8.5కు దిగింది. 1950లలో హాన్స్ సూస్ గాలిలోని కార్బన్-14 విషయంలో మొదట ఎత్తి చూపిన ఈ పలుచబడటాన్ని ఆయన పేరుతోనే సూస్ ప్రభావం అంటారు. అదే ప్రభావం సముద్రపు ఉపరితలంలో కార్బన్-13 విలువను పదేళ్ళకు సుమారు 0.15 నుంచి 0.2 పర్ మిల్ చొప్పున దించుతోంది.

పని మొదలుపెట్టేవారు తమ ముందు పెట్టుకోవలసిన అంకె ఇదే. గోదావరి నోటి దగ్గర మంచినీరు, ఉప్పునీరు ఎలా కలుస్తున్నాయో చూడాలంటే రెండు కొసల మధ్య తేడాయే పది పర్ మిల్ దాకా ఉంటుంది, కొలతలో 0.1 పర్ మిల్ అనిశ్చితి ఉన్నా పెద్ద నష్టం లేదు. అలా కాక, పది, పదిహేనేళ్ళ కిందటి యాత్రలో తీసిన విలువలతో పోల్చి సూస్ ప్రభావాన్ని పట్టుకోవాలంటే ఆ 0.1 పర్ మిల్ అనిశ్చితే వెతుకుతున్న మార్పులో పెద్ద వాటాను మింగేస్తుంది. అటువంటి పనికి 0.03 పర్ మిల్ సూక్ష్మత కావాలి; పద్ధతి, సీసా, నీటి పరిమాణం అన్నీ అందుకు తగ్గట్టే ఎంచుకోవాలి. ప్రశ్న ఏదో తేల్చుకోకుండా ముందు నమూనాలు తెచ్చి, తరువాత వాటితో ఏం చెప్పవచ్చునో ఆలోచించే అలవాటు ఈ కొలతకు బొత్తిగా పనికిరాదు.

ప్రయాణానికి ముందు

సీసాలు బోరోసిలికేట్ గాజువే కావాలి. ప్లాస్టిక్ గోడల గుండా కార్బన్ డయాక్సైడ్ నెమ్మదిగా అటూ ఇటూ పోతుంది. నెలల తరబడి నిలవ ఉంచే నమూనాకు ప్లాస్టిక్ సీసా వాడటమంటే దాన్ని వదులుకున్నట్టే. అత్యంత సూక్ష్మ కొలతకు గరుకు గాజు మూత ఉన్న 250 లేక 500 మిల్లీలీటర్ల సీసాలను తీసుకుని, మూతకు వాక్యూమ్ గ్రీజు పూసి, రబ్బరు బ్యాండుతో గాని క్లిప్పుతో గాని బిగిస్తారు. మామూలు సూక్ష్మత చాలనుకుంటే, సూది గుచ్చగల రబ్బరు మూత (సెప్టమ్) బిగించిన 12 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసాలు (వయల్స్) సరిపోతాయి. ఇవి తేలిక, చవక, ఓడలో చోటు తక్కువ తీసుకుంటాయి. వీటితో చిక్కు సెప్టమ్ దగ్గర వస్తుంది. నెలలు గడిచేకొద్దీ రబ్బరు వాయువులను దూరనిస్తుంది, ఒకసారి సూది గుచ్చిన సెప్టమ్ మరింత త్వరగా కారుతుంది. వయల్స్ వాడేవారు రెండు మూడు నెలల్లో కొలత పూర్తి చేసేలా యంత్రం దగ్గర ముందే తేదీలు ఖాయం చేసుకోవడం మంచిది.

ఏ లోతుల్లో నీళ్ళు పట్టాలన్నది బంగాళాఖాతం స్వభావాన్ని బట్టి ఉంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ ఇన్ని నదుల నీరూ వచ్చి పడటం వల్ల వర్షాకాలం తరువాత ఉత్తర భాగంలో ఉపరితల లవణీయత 30 కన్నా కిందికి పడిపోతుంది. తేలికైన ఈ పైపొర కింది నీటితో అంత సులభంగా కలవదు. దాని కింద, దాదాపు 100 మీటర్ల నుంచి మొదలై కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్న పొర ఉంది. కార్బన్-13 విలువ వేగంగా మారేది ఈ సంధిలోనే. అందువల్ల 200 మీటర్ల పైన 10, 25, 50, 75, 100, 150 ఇలా దగ్గర దగ్గరగా పట్టి, 500 మీటర్ల కింద దూరం పెంచుకుంటూ పోవచ్చు. హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ అందుబాటులో ఉంచే, సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలతలు తీసే ఆర్గో ఫ్లోట్ల ఉష్ణోగ్రత, లవణీయత వివరాలను బయలుదేరే ముందు చూసుకుంటే పైపొర ఎంత మందాన ఉందో ఒక అంచనా వస్తుంది.

డెక్ మీద నీళ్ళు పట్టడం

సింధు సాధన, సాగర్ నిధి వంటి పరిశోధక నౌకల్లో లవణీయత, ఉష్ణోగ్రత, లోతు కొలిచే సిటిడి యంత్రం చుట్టూ, నీళ్ళు పట్టే నిస్కిన్ సీసాలను అమర్చిన చట్రాన్ని (రోజెట్‌ను) తీగ మీద దించి, పైకి లాగేటప్పుడు అనుకున్న లోతుల్లో ఒక్కొక్క సీసానూ మూస్తారు. రోజెట్ డెక్ మీదికి వచ్చాక ఎవరి నీళ్ళు ఎవరు ముందు పట్టుకోవాలన్న దానికి ఒక వరుస ఉంది. వాయువులు ముందు. ఫ్రియాన్లు, ఆక్సిజన్ తరువాత డిఐసి, క్షారత (ఆమ్లాన్ని తటస్థీకరించే శక్తి). వాటి వెంటనే కార్బన్ ఐసోటోపులు. లవణీయత, పోషకాలు చివరికి. నిస్కిన్ పై కవాటం తెరిచిన క్షణం నుంచి సీసాలో నీరు తగ్గిన మేర గాలి చేరుతుంది, ఆ గాలితో నీటికి వాయు మార్పిడి మొదలవుతుంది. చల్లటి లోతు నీటిలో కార్బన్ డయాక్సైడ్ పీడనం గాలిలో కన్నా బాగా ఎక్కువ కనుక, విశాఖ ఎండలో అది వేడెక్కుతూ బయటికి పోవాలని చూస్తుంది. పోయేది ఎక్కువగా తేలిక కార్బన్ కాబట్టి మిగిలిన నీటి విలువ ఉన్నదాని కన్నా బరువుగా, అంటే కార్బన్-13 ఎక్కువున్నట్టు, కనిపిస్తుంది. రోజెట్ డెక్ మీదికి వచ్చాక వీలైనంత త్వరగా ఐసోటోపు నమూనా పట్టేయడం మంచిది.

పట్టే పద్ధతిని ఒక్కసారి సావకాశంగా చూద్దాం. నిస్కిన్ ముక్కుకు మెత్తటి సిలికాన్ గొట్టం తగిలించి, గొట్టంలో బుడగలు లేకుండా వేళ్ళతో నొక్కుతూ నీటిని వదలాలి. గొట్టం కొసను గాజు సీసా అడుగుకు ఆనించి, సన్నటి ధారతో, గలగలలు లేకుండా కింది నుంచి నింపాలి. సీసా నిండిన తరువాత కూడా ఆపకుండా, కనీసం సీసాకు సరిపడా నీరు ఇంకొకసారి పొర్లిపోనివ్వాలి. మొదట గాలిని తాకిన నీరంతా అలా బయటికి పోతుంది. ఆ తరువాత గొట్టాన్ని ధార ఆపకుండానే నెమ్మదిగా పైకి తీయాలి. ధార ముందు ఆపి గొట్టం తరువాత లాగితే, గొట్టం ఉన్నంత చోటు ఖాళీ అయి గాలి దూరుతుంది. పెద్ద సీసాల్లో ఒక శాతం, అంటే 500 మిల్లీలీటర్లకు 5 మిల్లీలీటర్లు, పిపెట్‌తో తీసేసి పైన ఖాళీ వదలాలి. 5 డిగ్రీల దగ్గర ఉన్న నీరు 30 డిగ్రీలకు వచ్చేసరికి వ్యాకోచించి మూతను లేపకుండా ఉండటానికే ఆ ఖాళీ. అందులోని గాలి వల్ల వచ్చే కాలుష్యం లెక్కలోకి రానంత తక్కువ.

ఇక విషం. నీటిలోని సూక్ష్మజీవులు సీసాలో కూడా శ్వాసిస్తూనే ఉంటాయి. ప్లస్ 1 పర్ మిల్ ఉన్న 2000 మైక్రోమోల్ డిఐసికి, జీవపదార్థం కుళ్ళడం వల్ల మైనస్ 22 పర్ మిల్ ఉన్న 5 మైక్రోమోల్ కార్బన్ చేరిందనుకుందాం. ఆ కొంచెమే విలువను దాదాపు 0.06 పర్ మిల్ దించుతుంది. ఇది సూస్ ప్రభావం మూడేళ్ళకు పైగా తెచ్చే మార్పుతో సమానం. అందుకే నింపిన వెంటనే సంతృప్త మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణాన్ని 500 మిల్లీలీటర్ల సీసాకు కనీసం 100 మైక్రోలీటర్లు, 12 మిల్లీలీటర్ల వయల్‌కు 5 నుంచి 10 మైక్రోలీటర్లు చొప్పున వేసి, మూత బిగించి, కొన్నిసార్లు తలకిందులు చేసి కలపాలి. ఇది తీవ్రమైన విషం. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. నైట్రైల్ తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయకూడదు. దీనికి వాడిన పిపెట్‌ను మరే పనికీ వాడకూడదు. కొలత అయ్యాక మిగిలిన నీటిని కూడా సింకులో పారబోయకుండా పాదరస వ్యర్థాల డబ్బాలోనే పోయాలి. పాదరసం వాడకాన్ని తగ్గించాలని 0.2 మైక్రాన్ల ఫిల్టరుతో సూక్ష్మజీవులను వడకట్టి, చల్లగా దాచే ప్రయోగశాలలూ ఉన్నాయి. కొద్ది వారాల్లో కొలిచేసే పనికి అది చాలు గాని, నెలల నిలవకు దాన్ని నమ్మమని నేను చెప్పను.

నమూనాలను చీకటిలో, చల్లటి చోట ఉంచాలి, గడ్డకట్టించకూడదు. గడ్డకట్టేటప్పుడు మిగిలిన ఉప్పునీరు చిక్కబడి కాల్షియం కార్బొనేట్ అవక్షేపంగా విడిపోవచ్చు, గాజు పగలనూ వచ్చు. ప్రతి పది నమూనాలకు ఒకటి చొప్పున అదే నిస్కిన్ నుంచి జంట నమూనా పట్టాలి. కొన్ని యాత్రలలో ఒకే లోతులో రెండు నిస్కిన్‌లు మూసి పోల్చుతారు. నిస్కిన్ కారుతోందో లేదో కూడా దీనితో బయటపడుతుంది.

గోదావరి పాయల్లో అయితే

యానాం దగ్గర గౌతమి పాయలో గాని, కాకినాడ అఖాతంలో గాని పడవ మీద నమూనాలు పట్టేవారికి ఒక అదనపు చిక్కు ఉంది. వరద కాలంలో ధవళేశ్వరం దాటి వచ్చే నీరు ఎర్రగా, మట్టితో నిండి ఉంటుంది. ఆ మట్టిలో కార్బొనేట్ రేణువులు ఉంటే, ప్రయోగశాలలో ఆమ్లం వేసినప్పుడు అవీ కరిగి కార్బన్ డయాక్సైడ్‌నిస్తాయి. అప్పుడు కొలిచేది కరిగిన కార్బన్ కాక, కరిగినదీ కరగనిదీ కలిసిన మిశ్రమం అవుతుంది. కాబట్టి ఇక్కడ వడకట్టక తప్పదు. వాక్యూమ్ పంపుతో పీల్చి వడకడితే తక్కువ పీడనంలో వాయువు బయటికి పోతుంది. సిరంజికి బిగించే 0.45 మైక్రాన్ల ఫిల్టరు గుండా నీటిని ముందుకు నెట్టి, వయల్ అడుగు నుంచి నింపడమే సరైన దారి. ఫిల్టరు గుండా వచ్చిన మొదటి కొద్ది మిల్లీలీటర్లు పారేయాలి. వేసవిలో గేట్లు మూసి ఉండి పాయలోకి ఉప్పునీరు ఎగదన్నే రోజుల్లో పట్టిన నమూనాలను, వరద నాటి నమూనాలను ఒకే గీత మీద పెట్టి పోల్చకూడదు. నది వైపు కొస విలువే ఆ రెండు కాలాల్లో వేరువేరు.

ప్రయోగశాలలో

మూడు దారులున్నాయి. అత్యంత సూక్ష్మమైనది పాతదే. వంద మిల్లీలీటర్లకు పైగా నీటిని వాక్యూమ్ గాజు లైనులోకి తీసుకుని, ఫాస్ఫారిక్ ఆమ్లం వేసి, శుద్ధమైన నైట్రోజన్‌తో కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోలి, డ్రై ఐస్ కలిపిన ఆల్కహాలుతో నీటి ఆవిరిని, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో కార్బన్ డయాక్సైడ్‌ను గడ్డకట్టించి పట్టి, ఆ వాయువును అణువులను ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి లెక్కించే ద్వంద్వ ప్రవేశ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ప్రమాణ వాయువుతో మార్చి మార్చి పోల్చుతారు. 0.03 పర్ మిల్ సూక్ష్మత దీనితో సాధ్యం. రోజుకు కొద్ది నమూనాలే అవుతాయి. మూడోది ఇటీవల వాడుకలోకి వచ్చిన, లేజర్ కాంతి వాయువులో ఎంత వేగంగా తగ్గుతుందో చూసి కొలిచే కావిటీ రింగ్‌డౌన్ యంత్రం. దీన్ని ఓడ మీదనే పెట్టుకుని డిఐసిని, కార్బన్-13ను ఒకేసారి కొలవవచ్చు. వాయువులోని తేమ, గాఢత మారినప్పుడు దీని విలువ పక్కకు జరుగుతుంది కనుక వేర్వేరు గాఢతల్లో ప్రమాణాలు నడిపి సవరించుకోవాలి.

మన దేశంలో విద్యార్థులకు ఎక్కువగా అందేది రెండోది, అంటే చిన్న వయల్‌లో ఆమ్లం వేసి పైనున్న వాయువును హీలియం ప్రవాహంలో మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపే గ్యాస్‌బెంచ్ పద్ధతి. ఖాళీ 12 మిల్లీలీటర్ల వయల్‌లో కొద్ది చుక్కల గాఢ ఫాస్ఫారిక్ ఆమ్లం వేసి, మూత బిగించి, లోపలి గాలి అంతా పోయేదాకా హీలియంతో తోలాలి. ఆ తరువాతే గాలి చొరని సిరంజితో 1 మిల్లీలీటరు నమూనాను సెప్టమ్ గుండా ఎక్కించాలి. వయల్స్‌ను 25 డిగ్రీల దగ్గర 18 గంటలకు తక్కువ కాకుండా ఉంచాక కొలవాలి. ఒక్కొక్క వయల్ నుంచి పది దాకా వాయు గుటకలు యంత్రంలోకి పంపి, మొదటి ఒకటి రెండు వదిలేసి మిగిలిన వాటి సగటు తీసుకుంటారు.

హీలియంతో తోలడం ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చూస్తే చాలు. 12 మిల్లీలీటర్ల గాలిలో పది లక్షలకు 420 పాళ్ళ కార్బన్ డయాక్సైడ్ అంటే 0.2 మైక్రోమోల్. 1 మిల్లీలీటరు సముద్రపు నీటిలో ఉన్న డిఐసి సుమారు 2.1 మైక్రోమోల్. గాలిని తోలడం పూర్తిగా మరిచిన వయల్‌లో మైనస్ 8.5 పర్ మిల్ ఉన్న వాయువు పదో వంతు కలిసిపోతుంది, ప్లస్ 1.0 చూపవలసిన నమూనా దాదాపు ప్లస్ 0.15 చూపిస్తుంది. అసలు తోలకపోవడం అరుదే గాని, సూది సగం మూసుకుపోయి అరకొరగా తోలిన వయల్స్ అరుదు కాదు. ప్రతి వరుసలో ఆమ్లం మాత్రమే వేసి నీళ్ళు ఎక్కించని రెండు మూడు ఖాళీ వయల్స్ నడిపితే ఈ దోషం వెంటనే కనబడుతుంది. ఆమ్లం సీసా పాతబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకున్నా ఇక్కడే తెలుస్తుంది.

ఇంతకన్నా నిశ్శబ్దంగా నడిచే దోషం మరొకటి ఉంది. ఆమ్లం వేసిన తరువాత కార్బన్ డయాక్సైడ్ అంతా వాయువులోకి రాదు. వయల్‌లో 11 మిల్లీలీటర్ల వాయువు, 1 మిల్లీలీటరు నీరు ఉంటే 25 డిగ్రీల దగ్గర దాదాపు 7 శాతం నీటిలోనే కరిగి ఉంటుంది. ఆ కరిగిన భాగం వాయువు కన్నా సుమారు 1.1 పర్ మిల్ తేలిక. ఫలితంగా యంత్రం చూసే వాయువు అసలు డిఐసి కన్నా 0.08 పర్ మిల్ బరువుగా ఉంటుంది. చాలా ప్రయోగశాలల్లో ప్రమాణంగా పొడి కాల్షియం కార్బొనేట్‌ను ఆమ్లంలో కరిగిస్తారు. అందులో నీరు లేదు కనుక ఈ తేడా ప్రమాణంలో ఉండదు, నమూనాలో ఉంటుంది. దీనికి మందు సులభమే. కార్బొనేట్ ప్రమాణాలున్న వయల్స్‌లో కూడా ముందే కార్బన్ డయాక్సైడ్ తోలేసిన 1 మిల్లీలీటరు నీటిని ఎక్కించాలి, లేదా విలువ తెలిసిన సోడియం బైకార్బొనేట్ ద్రావణాలను నమూనాల మాదిరిగానే నడపాలి. నమూనాకు జరిగిన ప్రతిదీ ప్రమాణానికీ జరగాలి.

ప్రమాణాలు, పోలిక

స్కేలును ఒక్క బిందువుతో కట్టకూడదు. ప్లస్ 2.46 విలువ ఉన్న ఐఎఇఎ-603, మైనస్ 5.01 విలువ ఉన్న ఎన్‌బిఎస్-18 వంటి రెండు ప్రమాణాలు నమూనాల విలువకు అటూ ఇటూ ఉండేలా పెట్టుకోవాలి. కిందటి తరం వాడిన ఎన్‌బిఎస్-19 విలువ ప్లస్ 1.95, పాత పత్రాల విలువలతో పోల్చేటప్పుడు ఏ ప్రమాణంతో స్కేలు కట్టారో చూడాలి. లిథియం కార్బొనేట్‌తో చేసిన ఎల్-ఎస్‌విఇసి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని విలువ మార్చుకుంటుందని తేలడంతో కార్బన్-13 స్కేలుకు దాన్ని వాడవద్దని చెప్పారు. ప్రమాణపు పరిమాణం కూడా నమూనాకు దగ్గరగా ఉండాలి. 200 మైక్రోగ్రాముల కాల్షియం కార్బొనేట్ 2 మైక్రోమోల్ వాయువునిస్తుంది, అంటే 1 మిల్లీలీటరు సముద్రపు నీటితో సమానం. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థ సీసాలలో పంపే ప్రమాణ సముద్ర జలాన్ని డిఐసి, క్షారతల కోసం ధ్రువీకరిస్తారు. కార్బన్-13కు ధ్రువీకరణ లేకపోయినా, ఒకే బ్యాచ్ సీసాలను ఏళ్ళ తరబడి నడిపితే తమ యంత్రం నెలనెలా ఎటు జరుగుతోందో తెలుసుకోవడానికి అవి బాగా పనికివస్తాయి.

అంకెలను చదవడం

కార్బన్-13 విలువ ఒక్కటే చేతిలో ఉంటే సగం మాటే ఉన్నట్టు. అదే నీటిలో డిఐసి గాఢత, లవణీయత, ఉష్ణోగ్రత, ఆక్సిజన్, ఫాస్ఫేట్ కూడా కొలిచి ఉండాలి. ఎందుకో కలయిక లెక్క చూపిస్తుంది. నది నీటి డిఐసి 1500, విలువ మైనస్ 10 అనీ, సముద్రపు నీటి డిఐసి 1950, విలువ ప్లస్ 1 అనీ అనుకుందాం. రెండూ సగం సగం కలిస్తే విలువ మైనస్ 4.5 కాదు, మైనస్ 3.8. గాఢత ఎక్కువ ఉన్న నీటి మాటే ఎక్కువ చెల్లుతుంది కాబట్టి లవణీయతకు ఎదురుగా గీసిన కలయిక గీత వంకర తిరుగుతుంది. ఆ వంకర గీత మీద పడిన బిందువులను చూసి జీవక్రియ ఏదో జరుగుతోందని పొరపడేవారు తక్కువేమీ కాదు. గీతకు కిందికి పడితే శ్వాసక్రియ కార్బన్ చేర్చిందనీ, పైకి పడితే ప్లవకాల పెరుగుదల గాని, నీటి నుంచి గాలిలోకి వాయువు పోవడం గాని కారణమనీ అప్పుడు ఆలోచించాలి.

లోతు నీటికి పద్ధతి వేరు. జీవపదార్థం కుళ్ళేటప్పుడు ఒక ఫాస్ఫరస్ పరమాణువుకు 106 కార్బన్ పరమాణువుల చొప్పున విడుదలవుతాయి కనుక ఫాస్ఫేట్ 1 మైక్రోమోల్ పెరిగిన చోట కార్బన్-13 విలువ సుమారు 1.1 పర్ మిల్ దిగుతుంది. ప్రపంచ సముద్రాల లోతు నీటికి, 2.7లోంచి ఫాస్ఫేట్‌ను 1.1తో గుణించి తీసేస్తే విలువ వస్తుందన్న సంబంధం చాలావరకు కుదురుతుంది. ఉదాహరణకు ఫాస్ఫేట్ 2.5 ఉంటే విలువ దాదాపు సున్నా. కొలిచిన విలువకూ ఈ లెక్కకూ మధ్య మిగిలిన తేడాలో గాలితో జరిగిన మార్పిడి జాడ, పై పొరల్లో అయితే సూస్ ప్రభావం కనిపిస్తాయి. గాలి, నీటి మధ్య సమతౌల్యం ఒక్క డిగ్రీ ఉష్ణోగ్రతకు 0.1 పర్ మిల్ మారుతుంది. చల్లటి నీరు బరువైన విలువ వైపు మొగ్గుతుంది. అయితే ఉపరితల పొర ఐసోటోపుల విషయంలో గాలితో సమతౌల్యానికి రావడానికి పదేళ్ళ దాకా పడుతుంది. నీరు సాధారణంగా అంతకాలం ఉపరితలంలో నిలవదు. అందువల్ల నేటి గాలి విలువ నుంచి నేటి నీటి విలువను నేరుగా లెక్కగట్టడం కుదరదు.

కార్బన్-14 కూడా కావాలంటే

నీరు ఉపరితలాన్ని వదిలి ఎంత కాలమైందన్న ప్రశ్నకు కార్బన్-14 కావాలి. దాని అర్ధాయువు సుమారు 5730 ఏళ్ళు. 1970లలో జియోసెక్స్ అనే ప్రపంచ సముద్ర సర్వే యాత్రల నాడు ఒక్క కొలతకు 200 లీటర్లకు పైగా నీరు లాగి, రేడియోధార్మిక విచ్ఛిన్నాలను లెక్కపెట్టేవారు. 1990లలో వోస్ అనే అంతర్జాతీయ సముద్ర సర్వే యాత్రల నాటికి త్వరణక మాస్ స్పెక్ట్రోమీటర్ వచ్చి అర లీటరు చాలన్నది. పట్టే తీరు పైన చెప్పినదే. ప్రయోగశాలలో రాబట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను హైడ్రోజన్‌తో ఇనుప పొడి మీద దాదాపు 600 డిగ్రీల దగ్గర గ్రాఫైట్‌గా మార్చి త్వరణకానికి పంపుతారు. మన దేశంలో అహ్మదాబాదులోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీలో, ఢిల్లీలోని అంతర్ విశ్వవిద్యాలయ త్వరణక కేంద్రంలో ఈ సదుపాయం ఉంది. ఫలితాన్ని మైనస్ 25 పర్ మిల్ కార్బన్-13 విలువకు సరిదిద్ది చెబుతారు కాబట్టి ఇక్కడా కార్బన్-13 కొలత తప్పదు.

ఈ కొలతకు అన్నింటికన్నా పెద్ద ప్రమాదం ఓడలోనే ఉండవచ్చు. 1950ల మొదట్లో గలతీయా యాత్రలో స్టీమాన్ నీల్సన్ వాడుకలోకి తెచ్చినప్పటి నుంచి, ప్లవకాల ఉత్పాదకతను కొలవడానికి కార్బన్-14 కలిపిన బైకార్బొనేట్‌ను నీటిలో వేసే పద్ధతి ఎన్నో నౌకల్లో నడిచింది. ఆ ద్రావణంలో కార్బన్-14 ప్రకృతిలోని పాలుతో పోల్చలేనంత ఎక్కువ. ఏళ్ళ కిందట ఒక బల్ల మీద ఒలికిన చుక్క, తలుపు పిడికి అంటిన చేతి తడి కూడా ఈ రోజు పట్టే నమూనాను పాడుచేయగలవు. నమూనాలు పట్టే ముందు డెక్, బల్లలు, సింకులు, ఫ్రిజ్‌లు అన్నింటినీ తుడిచి ఆ తుడుపులను పరీక్షకు పంపాలి. శుభ్రంగా ఉందని తేలని నౌక మీద సహజ కార్బన్-14 నమూనా పట్టకూడదు. అనుమానం ఉంటే ఆ పని మానుకుని కార్బన్-13తో సరిపెట్టుకోవడమే నయం.

విలువలను చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుండాలి. అణుపరీక్షలకు ముందు ఉపరితల నీటి కార్బన్-14 విలువ మైనస్ 50 పర్ మిల్ దగ్గర, అంటే దాదాపు 400 ఏళ్ళ వయసు చూపేలా ఉండేది. ఉత్తర పసిఫిక్ లోతు నీళ్ళు మైనస్ 240 దాకా ఉంటాయి. 1963లో వాతావరణ పరీక్షల నిషేధ ఒప్పందం కుదిరే నాటికి గాలిలోని కార్బన్-14 ఉత్తరార్ధగోళంలో దాదాపు రెట్టింపైంది, అది సముద్రపు పై పొరల్లో చేరి ఇప్పటికీ లోతుకు ఇంకుతూనే ఉంది. కాబట్టి పైపొరల విలువను వయసుగా మార్చకూడదు. లోతు నీటి వయసు కూడా వేర్వేరు వయసుల నీళ్ళు కలిసిన సగటే.

కొలతలన్నీ అయ్యాక దత్తాంశ పట్టికలో డెల్టా విలువ పక్కన ఏ తేదీన ఏ లోతులో పట్టినది, వడకట్టారా లేదా, విషం ఎంత వేశారు, ఎన్ని రోజులు నిలవ ఉంది, ఏ పద్ధతితో, ఏ ప్రమాణాలతో కొలిచారు, కార్బన్-13 అణువులతో పాటు ద్రవ్యరాశి 45లో కలిసే ఆక్సిజన్-17 వాటాను సాఫ్ట్‌వేర్ ఏ విధంగా తీసేసింది, జంట నమూనాల మధ్య తేడా ఎంత అన్నవి రాయాలి. డిఐసిని కిలోగ్రాముకు చెప్పారో లీటరుకు చెప్పారో కూడా స్పష్టంగా ఉండాలి. సముద్రపు నీటికి ఆ రెండింటి మధ్య రెండు శాతానికి పైగా తేడా వస్తుంది.